సంగటి తర్వాతే వాదన

ఈ మధ్య బంధువుల పెళ్ళిలో ఒక అబ్బాయి నా పక్కన కూర్చుని, సాహిత్యమూ తత్వశాస్త్రమూ కలిపి డిగ్రీ చదవాలని ఉంది సార్, పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడది కొత్తగా వస్తోందట, మీరేమంటారు అని అడిగాడు. కొత్త అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. హోసూరుకూ కృష్ణగిరికీ మధ్య, హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో తొంభైల్లోనే మేం ఆ పని చేశాం. ఎంత గొప్పగా చేశామో చెబుతాను. విన్న తర్వాత చేరాలో వద్దో ఆ అబ్బాయివంటి పిల్లలు తేల్చుకోవచ్చు.

ముందుగా ఒక భ్రమ తొలగించాలి. మా కోర్సు జ్ఞానం కోసం పుట్టలేదు, గది కోసం పుట్టింది. నేను తెలుగు చెప్పేవాణ్ణి. తమిళనాట ఒక కాలేజీలో తెలుగు పంతులు అంటే దూరపు చుట్టం లాంటివాడు. పొమ్మనరు, అలాగని పీటా వెయ్యరు. నా పక్క గదిలో తత్వశాస్త్రం చెప్పే ఆయన ఉండేవారు. ఆయనకు ఆ చుట్టరికం కూడా లేదు. అప్పుడే కంప్యూటర్ కోర్సుల గాలి బెంగళూరు నుంచి హోసూరు మీదుగా మా దాకా వీచింది. యాజమాన్యం చూపు మా రెండు గదుల మీద పడింది. రెండు శాఖలూ మూసేసి, మధ్య గోడ పడగొట్టి, ల్యాబ్ కడితే ఎలా ఉంటుందని ప్రిన్సిపాల్‌గారు మమ్మల్నే పిలిచి అడిగారు. మేకను పిలిచి మసాలా ఎంత వెయ్యమంటావని అడిగినట్టుంది.

ఆ సాయంత్రం ఇద్దరం కాలేజీ ఎదుట టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. గుడ్డివాడి భుజాల మీద కుంటివాడు ఎక్కితే ఇద్దరూ ఊరు చేరతారన్న పాత కథ ఆయనే గుర్తుచేశారు. విడివిడిగా మూసేస్తారు గాబట్టి కలిసిపోదాం అన్నారు. అలా సాహిత్యం-తత్వం అనే జంట డిగ్రీ పుట్టింది. మా ఇద్దరిలో గుడ్డివాడెవరు, కుంటివాడెవరు అన్న విషయంలో మాత్రం చివరిదాకా ఏకాభిప్రాయం కుదరలేదు.

విశ్వవిద్యాలయం వాళ్ళు కొన్నాళ్ళు నడిపి చూడమన్నారు. తర్వాత కమిటీ వచ్చి చూస్తుంది, బాగుంటే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. నాకు పెద్ద భయం లేదు. కోర్సు పోయినా ఫస్టియర్ పిల్లలకు భాషాపాఠం చెప్పుకుంటూ కాలక్షేపం చెయ్యగలను. ఆయన పరిస్థితి వేరు. ఆయనది ఏటికాయేడు పొడిగించే ఉద్యోగం. ఈ కోర్సు తప్ప ఆ కాలేజీలో ఆయనకు వేరే పని లేదు. నలభై దాటిన వయసు, మరో ఊళ్ళో తత్వశాస్త్రం పంతులు కావాలని ఎవరూ ఎదురుచూడటం లేదు. మిగిలిన దారి కృష్ణగిరిలో తమ్ముడి బట్టల కొట్టు ఒక్కటే.

ఆ కొట్టు గురించి చెప్పాలి. వాళ్ళది తరాలుగా వ్యాపారం చేసుకునే కుటుంబం. ఈయన తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేస్తానన్నప్పుడు వాళ్ళ నాయనగారు గల్లాపెట్టె ముందు నుంచి లేవకుండానే, "అది గజాల లెక్కన అమ్ముతారా, కిలోల లెక్కనా అప్పా?" అని అడిగారట. కొడుకు కోపంగా వెళ్ళిపోయి చదువుకుని వచ్చాడు. ఇప్పుడు తిరిగి అదే కొట్లో గజాలు కొలవాలంటే చచ్చినంత పని. ఆయన అలా పైకి అనలేదు. కానీ కమిటీ అన్న మాట వినబడితే చాలు, తాగుతున్న టీ పక్కన పెట్టేసేవారు.

పిల్లలు ఎలా చేరారో కూడా చెప్పాలి. చాలామంది కామర్స్‌లో సీటు దొరక్క చేరారు. ఒకడు మూకండపల్లిలో అద్దెగదిలో ఉంటూ, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. క్లాసులో ముందు బెంచీలో కూర్చుని కళ్ళు తెరిచే నిద్రపోగల నేర్పరి. కావాలని చేరింది ఒక్క అమ్మాయే, కుందారపల్లి నుంచి వచ్చేది. ఎందుకు చేరావమ్మా అంటే, "మిగతా కోర్సుల్లో ఏం చెప్తారో తెలుసు సార్. దీంట్లో ఏం చెప్తారో తెలీదు, అందుకే" అంది.

తల్లిదండ్రులది ఒకటే ప్రశ్న. ఇది చదివితే ఏమవుతారు? ఒకసారి జవళగిరి నుంచి ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి అదే అడిగాడు. నేను ఏదో ఉపాధ్యాయ ఉద్యోగమనీ, పత్రికలనీ సర్దిచెప్పబోయేలోగా మావాడు, అదే మా తత్వం పంతులు, గంభీరంగా, "మనుషులైతారు" అన్నారు.

"ఇప్పుడేం సార్, మావోడు గొర్రెనా?" అని ఆ రైతు కొడుకు చెయ్యి పట్టుకుని కామర్స్ గది వైపు తీసుకుపోయాడు.

అయినా సరే, ఆ కోర్సులో ఒక మంచి ఉండేది. గురువారం మధ్యాహ్నం మేమిద్దరం ఒకే గదిలో, ఒకే గంటలో పాఠం చెప్పేవాళ్ళం. ఒక కథో పద్యమో నేను చదివేవాణ్ణి. ఎంత బాగా చెప్పాడో చూడండి అనేవాణ్ణి. గోడ కానుకుని నిలబడ్డ ఆయన, బాగానే చెప్పాడు, చెప్పింది నిజమేనా అనేవారు. ఇక అంతే. అందంగా ఉన్న అబద్ధం, అందం లేని నిజం, రెండూ పిల్లల నడుమ పడేవి. మొదటి ఏడాది నాకు ఒళ్ళు మండేది. పువ్వు తెచ్చి చేతిలో పెడితే ఇది ఏ దుకాణంలో కొన్నావని అడిగే మనిషితో ఎలా వేగడం? రెండో ఏడాదికి నాకే తెలియకుండా, ఇంట్లో ఒంటరిగా చదువుకుంటున్నప్పుడు కూడా ఆయన ప్రశ్న వినబడటం మొదలైంది. ఆయన మాత్రం ఒకరోజు పద్యం వింటూ ఏమీ అడగలేదు. ఏమప్పా అంటే, "గమ్మునుండప్పా, ఇంగొకసారి చదువు" అన్నారు. ఆ రోజును నేను నా ఉద్యోగంలో సాధించిన విజయాల్లో వేసుకున్నాను. ఆ జాబితా పెద్దదేమీ కాదు.

ఆ గదిలో ఆయనొక నియమం పెట్టారు. ఎవరూ 'అవును సార్' అనకూడదు. అంటే వెంటనే లేచి నిలబడి, ఎందుకు అవునో కారణం చెప్పాలి. కారణం లేని అవును చెల్లని నాణెం అనేవారు. మొదట్లో పిల్లలు బిక్కచచ్చిపోయారు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో, బళ్ళో, గుళ్ళో అవునండీ అనడమే నేర్చినవాళ్ళు. కానీ ఒకసారి రుచి మరిగాక వాళ్ళను ఆపడం మా తరం కాలేదు. మూకండపల్లి కుర్రాడు నిద్రలోంచి లేచి కూడా "ఒప్పుకోను సార్, కారణం చెప్పండి" అనేవాడు. దేన్ని ఒప్పుకోడో తర్వాత అడిగి తెలుసుకునేవాడు.

అలా ఉండగా కమిటీ వస్తోందని కబురొచ్చింది. మద్రాసు నుంచి ఇద్దరు. ఇద్దరూ తెలుగువాళ్ళే. అధ్యక్షుడు సాహిత్యంలో పెద్ద పండితుడు, రెండో ఆవిడ తత్వశాస్త్ర ఆచార్యురాలు. క్లాసు చూస్తారు, పిల్లలతో మాట్లాడతారు, తేలుస్తారు.

మావాడికి మాత్రం ఉత్సాహం ముంచుకొచ్చింది. లైబ్రరీలో పుస్తకాలు తక్కువ, పిల్లలు తక్కువ, మార్కులు సరేసరి. చూపించుకోవడానికి మన దగ్గర ఉన్నది ఒక్కటే, వాదన అన్నారు. విషయం కూడా ఆయనే ఎంచారు. కథలో మనిషి నిజంగా లేడు, ఎప్పుడూ పుట్టలేదు. అతని కోసం మనం ఏడుస్తాం. ఆ ఏడుపు నిజమైనదేనా? సాహిత్యమూ తత్వమూ రెండూ చెయ్యి వెయ్యాల్సిన ప్రశ్న. ముందు గురువారం ఒకసారి నడిపించి చూశాం. పిల్లలు మా ఇద్దర్నీ ఉతికి ఆరేశారు. నేనన్న ప్రతి మాటకూ కుందారపల్లి అమ్మాయి అడ్డు తగిలింది. ఆయన బయటికొచ్చి, "కమిటీ కాదప్పా, ఎవురొచ్చినా నిలబడతారు మనోళ్ళు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ పూట టీ పూర్తిగా తాగారు.

మిగిలింది భోజనం. మా క్యాంటీన్‌లో పొద్దున చేసిన ఇడ్లీ సాయంత్రం దాకా ఉండేది, దాన్ని అతిథులకు పెట్టడం కుదరదు. ప్రిన్సిపాల్‌గారు హోసూరు హోటల్ నుంచి తెప్పిద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. "మన కాలేజీకి వొచ్చే వాళ్ళకు హోటల్ కూడు పెడతారా సార్? మేం చేస్తాం" అన్నారు. అది చలికాలం, చిక్కుడులాంటి అనపకాయల కాలం. రాగి సంగటి, అనపగింజల పులుసు, నెయ్యి. ఎవరింటి నుంచి వాళ్ళు పిండీ గింజలూ తెచ్చారు. ఎంత మంచి పిల్లలని అందరం మెచ్చుకున్నాం. మా కొంప ముంచేది ఆ మంచితనమేనని ఎవరికీ తట్టలేదు.

కమిటీ వచ్చిన రోజు పొద్దున్నే పిల్లలు గుమ్మానికి మామిడాకులు కట్టారు. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేశారు. కారు దిగగానే ఆవిడకు పూలు, ఆయనకు చందనం, ఇద్దరికీ మజ్జిగ. క్లాసులోకి తీసుకొచ్చాం. మావాడు గోడ కానుకుని, చేతులు కట్టుకుని, ప్రశ్న వేశారు. లేని మనిషి కోసం ఏడ్చే ఏడుపు నిజమైనదేనా?

గదిలో చప్పుడు లేదు. సరే, పిల్లలు బెదిరారనుకుని అధ్యక్షుడే అందుకున్నారు. "నన్నడిగితే అది దుఃఖమే కాదు. ఆనందమే అలా మారువేషం వేసుకుని వస్తుంది. లేకపోతే డబ్బిచ్చి మరీ ఎవరు ఏడుస్తారు? మీరేమంటారు?"

"అవును సార్" అన్నారు పిల్లలు.

నేను మావాడి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

ఆచార్యురాలు నవ్వి, "నేను ఒప్పుకోను. ఏడుపు ఏడుపే. గుండె బరువెక్కడం, కంట్లో నీళ్ళు, అన్నీ అవే కదా. కారణం కల్పితమైనంత మాత్రాన దుఃఖం కల్పితం కాదు" అన్నారు.

"అవును మేడమ్" అన్నారు పిల్లలు, అంతే వినయంగా.

"మరి మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?" అన్నారు అధ్యక్షుడు.

మూకండపల్లి కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఆ రోజు మెలకువగానే ఉన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. "మీరిద్దరూ పెద్దోళ్ళు సార్. ఇద్దురుదీ ఒప్పే" అని కూర్చున్నాడు.

మావాడు కట్టుకున్న చేతులు విడదీశారు. ఎలాగైనా రెచ్చగొట్టాలని, "అసలు కథలన్నీ అబద్ధాలు. చదవడం దండగ. సాహిత్యం ఎత్తేస్తే మేలు" అన్నారు. మామూలు గురువారమైతే ఆ మాటకు ఆయన్ను నమిలి మింగేసేవాళ్ళు. ఆ రోజు పిల్లలు నేల చూపులు చూశారు. వచ్చినవాళ్ళ ముందు ఇంటి పెద్ద నోరు జారితే సర్దుకుపోయే పిల్లల్లాగా చిన్నగా నవ్వారు. కుందారపల్లి అమ్మాయి పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను ఆమెను పేరు పెట్టి పిలిచి నీ అభిప్రాయం ఏమిటమ్మా అన్నాను. "అందరూ చెప్పింది బాగుండాది సార్" అంది. ముందు గురువారం నన్ను ఉతికేసిన అమ్మాయేనా అని నాకు అనుమానం వచ్చింది.

గంట కొట్టారు. కమిటీ ఇద్దరూ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మావాడు గోడ దగ్గరే నిలబడిపోయారు. "కొట్లో గజంబద్ద పట్టుకునే అలవాటు తప్పిపోయిందప్పా" అన్నారు. పిల్లల మీద కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు చెప్పిందంతా ఇందుకా అనిపించింది.

భోజనాలు పిల్లలే వడ్డించారు, చెట్టు కింద బల్లలు వేసి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. అధ్యక్షుడికి ముద్ద తినే అలవాటు లేదు, నమలబోయారు. కుందారపల్లి అమ్మాయి పక్కన నిలబడి, "నమలకూడదు సార్, పులుసులో అద్దుకొని మింగాల" అని నేర్పింది. ఆయన మింగారు, ఇంకో ముద్ద అడిగారు. మావాడు ఆకు ముందు కూర్చున్నారు గానీ ముట్టలేదు. కమిటీ వాళ్ళు చేతులు కడుక్కున్నారు. పిల్లలు తువ్వాలు అందించారు, తాంబూలం పళ్ళెం పెట్టారు. ఇక కారెక్కడమే అనుకున్నాను.

అప్పుడు ఆ అమ్మాయి స్టూలు ఒకటి లాక్కుని అధ్యక్షుడికి ఎదురుగా కూర్చుంది.

"సార్, పొద్దున మీరు చెప్పినారే, ఏడుపు కాదు ఆనందం అని. అది నేను ఒప్పుకోను."

అధ్యక్షుడు వక్క నోట్లో వేసుకోబోతూ ఆగారు.

"మా నాయన పోయినప్పుడు మాయమ్మ ఏడవలేదు సార్. ఆవుకు మేత ఎయ్యాల, తోటకు నీళ్ళు పెట్టాల, మమ్మల్ని చూసుకోవాల. ఊరంతా ఈమెకు రాతి గుండె అన్నారు. కొన్నాళ్ళకు ఊర్లో వీధినాటకం ఆడినారు. దాంట్లో ఒక రాణి. మొగుడు యుద్ధంలో పోయినాడని కబురొచ్చినా, పిల్లలు అన్నం తిని లేచేదాకా ఆ మాట బయట పెట్టదు. అన్నం వడ్డిస్తానే ఉంటుంది. ఆడ ఏడ్చింది సార్ మాయమ్మ. పట్టుకోలేకపోయినాము. ఆ రాణి యాడా పుట్టలేదు, సరే. మాయమ్మ ఏడ్చింది ఎవురికోసం? దాంట్లో ఆనందం యాడుంది సార్?"

మూడేళ్ళు చదువు చెప్పిన మాకు కూడా ఆ అమ్మాయి ఇంటి సంగతి తెలియదు. నేను తాంబూలం పళ్ళెం సర్దుతున్నట్టు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అది నిజమైన దుఃఖమా కాదా అని ఆలోచించే స్థితిలో లేను.

అధ్యక్షుడు మెల్లగా అడిగారు. "ఆ రాత్రి ఇంటికొచ్చాక మీ అమ్మ ఏం చేసింది?"

"పండుకొని నిద్రపోయింది సార్. అన్నాళ్ళకు నిద్రపోయింది."

"అదేనమ్మా నేనన్నది."

"నిద్రా ఆనందమూ ఒకటేనా సార్? కారణం చెప్పండి."

"నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకు ఒకటే" అన్నాడు మూకండపల్లి కుర్రాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఇక గట్టు తెగింది. ఆచార్యురాలు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆవిడ మాటకు ఇంకొకడు అడ్డొచ్చాడు, వాడి మాటకు అధ్యక్షుడు అడ్డొచ్చారు. అవును అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. డ్రైవరు వచ్చి రైలు సంగతి గుర్తుచేస్తే అధ్యక్షుడు అతని మీదే విసుక్కున్నారు. మావాడు ఆకు ముందు నుంచి ఎప్పుడు లేచారో, ఎప్పుడు చెట్టుకు ఆనుకుని నిలబడ్డారో నేను చూడలేదు. "కారణం, కారణం" అని ఆయన గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

ఎండ చల్లబడ్డాక వాళ్ళు కారు దగ్గరికి నడిచారు. నేను అధ్యక్షుడి పక్కన చేరి, పొద్దున పిల్లలు బెదిరారండీ, అసలు క్లాసు మీరిప్పుడు చూసినదే, ఇది కూడా రిపోర్టులో రాస్తే బాగుంటుందని మనవి చేసుకున్నాను.

"రిపోర్టు భోజనానికి ముందే రాసి సంతకాలు పెట్టేశామండీ" అన్నారు ఆయన. నా మొహం చూసి జాలి కలిగినట్టుంది, భుజం తట్టారు. "కంగారు పడకండి. కోర్సు కొనసాగించమనే రాశాం. విద్యార్థులు అణకువగా ఉన్నారు, పెద్దల మాటకు ఎదురు చెప్పరు, క్రమశిక్షణ మెచ్చదగ్గది అని." కారెక్కి కూర్చున్నాక అద్దం దించి, "అన్నం తిన్నాక రాసుంటే కాస్త ఆలోచించేవాళ్ళం. ఇంత గోలగా ఉండే క్లాసును సిఫారసు చేస్తే పైన ఏమంటారో చెప్పలేం" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ, అబద్ధం చెప్పినట్టు నాకనిపించలేదు.

మావాడికి చెప్పాను. ఆయన ఉద్యోగం నిలిచింది. ఎగిరి గంతేస్తారనుకుంటే, కారు పోయిన దారివైపు రెండడుగులు వేశారు. "వద్దని చెప్పొస్తాను. అణకువ చూసి ఇచ్చినారంటే మనం ఏం నేర్పినట్టప్పా?"

"గమ్మునుండప్పా. గజంబద్ద తప్పింది కదా" అని చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రిన్సిపాల్‌గారు రెండో చెయ్యి పట్టుకున్నారు.

గిన్నెలు కడుగుతున్న పిల్లల దగ్గరికెళ్ళి అడిగాను, పొద్దున ఏమైందమ్మా మీకు అని. కుందారపల్లి అమ్మాయి నన్ను వింతగా చూసింది.

"వొచ్చినోళ్ళు కదా సార్. తినకముందే ఎట్ల ఎదురు చెప్పేది?"

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఒకసారి పక్క చేను ఆయన తన ఆవులు మా పైరు మేసిన తగువులో తానే అరుస్తూ మా ఇంటికొచ్చాడు. మా అమ్మ ఆయన అన్నదానికల్లా అట్లనా అన్నా, అట్లనా అంటూ పీట వేసి, సంగటి పెట్టి, చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన చెయ్యి తుడుచుకోగానే మొదలుపెట్టింది, వీధి చివరి ఇంటిదాకా వినబడేట్టు. మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. తినకముందు వచ్చినవాడు అతిథి, తిన్న తర్వాత మనవాడు. మనవాడితోనే పోట్లాడగలం. ఆ ఊళ్ళలోనే పుట్టి, ఆ సంగటే తిని పెరిగిన ఇద్దరు పంతుళ్ళం, వాదన పొద్దున పెట్టి భోజనం మధ్యాహ్నం పెట్టాం. సాహిత్యమూ తత్వమూ కలిపి చదివినా ఆ మాత్రం తెలివి రాలేదు.

కోర్సు ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు బతికింది. రెండువేల తర్వాత ఒక జూన్‌లో ఎవరూ చేరలేదు. ఈసారి ఏ కమిటీ రాలేదు, ఎవరూ వాదించలేదు. గోడ పడగొట్టారు, కంప్యూటర్లు వచ్చాయి. మావాడికి ఎస్టేట్ దగ్గర ఒక శిక్షణ సంస్థలో పని దొరికింది. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వెళ్ళే కుర్రాళ్ళకు ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పాలి. ఒకసారి మూకండపల్లి బస్టాపులో కనబడితే ఏం చెప్తున్నావప్పా అన్నాను. "'ఎస్ సార్' అనడం ఎట్లనో నేర్పిస్తా ఉండాను. కారణం అడక్కుండా" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వు ముందు ఆగిపోయింది.

నేను రిటైరైన కొన్నాళ్ళకు ఆయన పోయారు. గుండె. నాకు అన్నదమ్ముడు పోయినట్టే ఉంది. చదువుకునేటప్పుడు వెనక గోడ దగ్గర నుంచి వచ్చే ప్రశ్న మాత్రం పోలేదు, ఇప్పుడు దానికి జవాబు చెప్పుకోవడానికి మనిషి లేడు.

ఆయన పోయిన కొన్ని నెలలకు కృష్ణగిరి పని మీద వెళుతూ కుందారపల్లిలో దిగాను. ఆ అమ్మాయి అక్కడే బడిలో పంతులమ్మ. ఇంటి ముందు కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. వాళ్ళమ్మ లోపల పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. ఆయన ప్రసక్తి వచ్చింది. నా మనసు బాగాలేదు. ఏమి చేశామమ్మా మేం, అన్నాను. గది కోసం కోర్సు పెట్టాం, అణకువ పుణ్యాన నిలబెట్టుకున్నాం, చివరికి అదీ పోయింది. అంత తెలివైన మనిషి 'ఎస్ సార్' నేర్పుతూ పోయాడు. ఆయన చదివిందంతా వృథా అయిపోయింది.

"అవును సార్" అంది ఆ అమ్మాయి.

కాదంటుందనే ఆ మాట అన్నానని అప్పుడు తెలిసింది. మా కోర్సే ఒక పొరపాటమ్మా, సాహిత్యం వేరు, తత్వం వేరు, వాటిని కలపకూడదు అన్నాను. "అవును సార్, నిజమే" అంది. వెళ్ళొస్తానమ్మా అని లేవబోతే వాళ్ళమ్మ లోపల నుంచి, "తినకుండా యాడికి పోతారు సార్, ముద్ద ఎత్తినాను" అని ఆకు వేసింది.

సంగటి, అనపగింజల పులుసు. కాలుతూ ఉండగానే తిన్నాను. నాలుక చుర్రుమన్నా ఆగలేదు. చెయ్యి కడుక్కున్నాను. ఆ అమ్మాయి తువ్వాలు అందించింది, లోపలికెళ్ళి స్టూలు ఒకటి తెచ్చుకుని నాకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి సార్. వృథా అయిపోయిందని యాడ నుంచి తేల్చినారు మీరు? కారణం చెప్పండి."